మీట మీద దారం

దారం ఫోటోలో లేదు, మిషన్ మీద ఉంది. పొద్దుటి నుంచి ఫోటోగ్రాఫరు బుర్రలో గిరగిరా తిరుగుతున్నది ఈ ఒక్క ముక్కే. మేనేజరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఖాకీ కవరు, కవర్లో రెండు ఫోటోలు. పదకొండింటికి రమ్మన్నారు, పది నిమిషాల ముందే వచ్చాడు, లోపల ఎవరో ఉన్నారు కూర్చోమన్నారు. పని చాలా చిన్నది. పిలుస్తారు, ఈ ఫోటో శనివారం తీసిందేనా అని అడుగుతారు, అవునండీ అనాలి, అంతే. ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. శనివారం తీసిందే, మధ్యాహ్నం మూడున్నరకి. ఆ ఒక్క నిజం చెప్పి ఇంటికెళ్ళిపోతే చాలు, గోడకవతల దడదడమంటున్న ఈ నోటుపుస్తకాల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళుగా కటింగ్ మిషన్ నడుపుతున్న ఒక ఆడమనిషి, మొన్న సోమవారం రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషి, తన వేళ్ళు తనే కోసుకున్న తెలివితక్కువది అయిపోతుంది. పనీ పోతుంది, పేరూ పోతుంది. నిజానికి ఇంత పదునుంటుందని అతనికి యాభై ఏళ్ళొచ్చినా తెలియలేదు.

ఆ మిషన్‌కి ఒక అద్దం మూత. అసలుకి అద్దం కాదు, ప్లాస్టిక్, అందరూ అద్దమనే అంటారు. మూత కింద మూలగా చిటికెన వేలంత ఎర్ర మీట. మూత వేస్తే మీట అణుగుతుంది, కత్తి నడుస్తుంది. మూత ఎత్తితే మీట లేస్తుంది, కత్తి ఆగిపోతుంది. పసిపిల్లకైనా అర్థమయ్యే ఏర్పాటు. శనివారం పని అయిపోయి మిషన్లన్నీ ఆపేశాక ఫోటోలు తీయమన్నారు, కంపెనీ పుస్తకంలో వేసుకోవడానికట. మూత మీద లైటు పడి తళుక్కుమంటోందని ఎత్తాడు. ఎత్తగానే ఆ ఎర్ర మీట లేచి నిలబడి, వెనక పలక మీదున్న కంపెనీ పేరులో సరిగ్గా రెండక్షరాలకి అడ్డమొచ్చింది. పేరు కనపడని ఫోటో ఎవరిక్కావాలి? జేబులోంచి దారం తీశాడు. కంటికి ఆనని నైలాన్ దారం, గాలాలకి కట్టేది. మీటని వంచి రెండు చుట్లు చుట్టి ముడేశాడు. మూత జారకుండా ఇంకో దారంతో పైనున్న పైపుకి కట్టాడు. టకటకా నాలుగు తీశాడు. ఈలోగా సూపర్‌వైజరు గేటు దగ్గర్నుంచి కేకేశాడు, “ఫోటో అన్నా, తాళం వేసుకోవాలి, నీకు పుణ్యముంటుంది!” పైపు దగ్గర దారం కోశాడు, మూత పడింది. మూత కింద మీట వంగే ఉంది. మూత వేస్తే ఎలాగూ వంగే ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ తేడా తెలియదు, అతని కంటికీ తెలియలేదు. లైట్లు మడిచాడు, సంచీ భుజాన వేసుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున్న ఎనిమిదీ పదికి కత్తి దగ్గర కాగితం ముక్క ఇరుక్కుంది. తొమ్మిదేళ్ళలో వెయ్యిసార్లు చేసిన పనే ఆమె మళ్ళీ చేసింది. మూత ఎత్తింది, చెయ్యి పెట్టింది. కత్తి ఆగలేదు.

ఇంట్లో దారాలు కట్టడం అతని వంతు, చెరపడం భార్య వంతు. గాల్లో తేలే సెంటు సీసా, ఎవరో తొడుక్కున్నట్టు చేతులు చాచిన చొక్కా, మడమెత్తి నిలబడ్డ చెప్పు, అన్నిటి వెనకా దారాలే. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో దారాన్నీ తుడిచేస్తుంది. అనుమానమొచ్చినప్పుడు అతను పెరట్లో ఉన్నా వీధిలో ఉన్నా కేకేస్తుంది, “ఉంచనా, తీసెయ్యనా?” అని. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతన్ని ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న అదే. అన్నం వడ్డించనా అన్నది కూడా దాని తర్వాతే. ఆ ఆదివారం కూడా అలాగే తుడిచేసింది, సాయంత్రానికల్లా ఫోటోలు కంపెనీకి వెళ్ళిపోయాయి. ప్రమాదం సంగతి అతనికి నిన్నటిదాకా తెలియదు. సూపర్‌వైజరు ఫోన్ చేసి, “మీటకి దారం కట్టేసిందన్నా ఆవిడ, మాటిమాటికీ మిషన్ ఆగకుండా. మన ఫోటోలు రెండు అచ్చు వేయించుకుని రా, చిన్న విచారణ” అన్నాడు. ఏం దారం అని అడిగితే నైలాన్ దారం అన్నాడు. అప్పుడు కూడా తట్టలేదు. అయ్యో పాపం అన్నాడు. ఎంత హాయిగా అన్నాడు! కాఫీ చేదుగా ఉందన్నంత తేలిగ్గా. ఈ పొద్దున్న చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటుంటే భార్య కంప్యూటరు ముందు నుంచి కదలకుండా, వెనక్కి తిరక్కుండా అడిగింది.

“ఆ ఎర్ర మీట మీద రెండు చుట్లు దారం ఉందండీ. ఫోటోలోంచి నేను తీసేశాను. మిషన్ మీంచి మీరు తీశారా?”

బొత్తం దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. ఆమె అప్పుడు తిరిగి చూసింది, జవాబు అతని మొహంలోనే చదువుకుంది. ఆ తర్వాత రోజూ అడిగే గొంతుతోనే అడిగింది, “దారం ఉన్న అసలు ఫోటో ఇంకా ఇందులోనే ఉంది. ఉంచనా, తీసెయ్యనా?” అతను చెప్పులు వేసుకుని వచ్చేశాడు. బస్సులో కూడా అదే ఆలోచన, టికెట్టు తీసుకోవడం మర్చిపోయి కండక్టరు చేత నాలుగు తిట్లు తిన్నాడు. ఉంచితే ఏమవుతుంది? ఫోటోవాడు కట్టిన దారం వల్ల వేళ్ళు తెగాయట అని నలుగురి నోళ్ళలో పడతాడు. ఏ ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు. కేసంటారు. తీసేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. దారమన్నది లోకంలో ఎక్కడా ఉండదు. ఆ వేళ్ళు తెగిన మనిషి మెడకి తప్ప.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఎవరో చూడకముందే తెలిసిపోయింది. ఫ్యాక్టరీలో చిన్నాపెద్దా అందరూ మిషనక్క అంటారు ఆమెని. కుడి చెయ్యి మెడ నుంచి గుడ్డలో వేలాడుతోంది, పిడికిలి మేర తెల్లటి కట్టు. “కాస్త జరుగన్నా” అని బెంచీ మీద పక్కనే కూలబడింది.

“నిన్ను కూడా పిలిచారా? నా పెళ్ళికి కూడా ఇంతమందిని పిలవలేదు” అంది.

“ఎలా ఉంది చెల్లెమ్మా?” అన్నాడు. అడగాల్సింది అది కాదు, నోటికొచ్చింది అదే.

“ఎలా ఉంటుంది? లేని వేళ్ళు దురద పెడుతున్నాయి. గోకుదామంటే లేవు. ఒక మేలు జరిగిందిలే, మా ఆయన ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో మొదటిసారి. రెండు వేళ్ళకి అంత గిరాకీ ఉందని ముందే తెలిస్తే...” అని నవ్వబోయి ఆపేసింది. కట్టుకి ఎక్కడో కదలిక తగిలినట్టుంది.

కట్టు అంచున ఒక పోగు ఊడి వేలాడుతోంది. అతని వేళ్ళు జివ్వుమన్నాయి. ఎవరి ఒంటి మీద దారప్పోగు కనిపించినా తీసేయకపోతే ప్రాణం ఒప్పదు, ముప్పై ఏళ్ళ అలవాటు, నాన్న అంటించిన జబ్బు. నాన్నకి స్టూడియో ఉండేది. ఒక గది, ఒక నల్లతెర, ఒక స్టూలు. కెమెరా మూతి దగ్గర నూలు దారం కట్టి ఉండేది, అడుగుకో ముడి చొప్పున. స్టూలు మీద కూర్చున్నవాళ్ళ ముక్కు కొస దాకా దారం లాగి, ముడులు లెక్కపెట్టి, బొమ్మ మసకబారకుండా కెమెరా మీద ఆ దూరపు అంకె తిప్పేవాడు. వీధినంతా హడలగొట్టే ఆఫీసర్లు కూడా ముక్కుతాడు వేసిన ఎద్దుల్లా బుద్ధిగా కూర్చునేవారు. ఆ తర్వాత దారం వదిలేసి, ఫోటో పడే రబ్బరు బల్బు నొక్కేవాడు. బొమ్మలో దారం రాదు, కళ్ళు మాత్రం కాస్త దగ్గరికొచ్చి, ఇప్పుడే ఏదో ముక్కు మీద నుంచి ఎగిరిపోయినట్టు ఉంటాయి. ఆ ఊళ్ళో సగంమంది మెల్లకన్నువాళ్ళేమో అనుకుంటారు ఆ పాత ఫోటోలు చూసినవాళ్ళు. తెర నిలబడటానికి, పిల్లల మెడ నిలబడటానికి, పూలకుండీ పడకుండా, అన్నిటికీ దారాలే. పని కాగానే కోసిన ముక్కలన్నీ చొక్కా జేబులో వేసుకుని, తీసి లెక్కపెట్టి, అప్పుడు లైటు ఆపేవాడు. ఐదు కట్టాను, ఐదొచ్చాయి అనుకునేవాడు. అమ్మ బట్టలు నానబెడుతూ జేబులోంచి దారప్పీచు లాగి, “ఈయన ఫోటోలు తీస్తున్నాడో, గూడు కడుతున్నాడో” అనేది. ఆ లెక్క అతను కూడా చాలా ఏళ్ళు పెట్టాడు. ఎప్పుడు మానేశాడు? మానేసిన రోజంటూ ఒకటి ఉండే ఉంటుంది, గుర్తు లేదు. కంప్యూటరు ఇంట్లోకొచ్చాక, ఏ దారాన్నయినా భార్య తుడిచేస్తుందిలే అన్న ధీమా వచ్చాక, దారమంటే ఫోటోలో మాత్రమే ఉండేదైపోయింది. ఫోటోలో పోతే లోకంలోనే పోయినట్టు. మరి ఎక్కడెక్కడ వదిలేసుంటాడు? నగల కొట్లో అద్దాల బీరువాకి ఒకటి కట్టాడు. బడిలో ఉయ్యాలకి కట్టాడు, పిల్ల గాల్లో ఉన్నట్టు రావాలని. అది విప్పాడా? విప్పాడు, విప్పాడు, బంట్రోతు కత్తెర ఇచ్చాడు. హోటల్లో మెట్ల పక్క దీపానికి కట్టింది? గుర్తు రావడం లేదు. ఇవాళే వెళ్ళి చూడాలి. ఇక్కణ్ణుంచి లేచి వెళ్ళగలిగితే.

“ఏంటన్నా, నాకంటే నువ్వే ఎక్కువ దిగులు పడుతున్నావు?” అంది మిషనక్క.

“ఏం లేదు.”

“కాగితం రాసి ఉంచారట. నేనే కట్టానని ఒప్పుకుని సంతకం పెడితే ఆసుపత్రి ఖర్చు వాళ్ళు చూసుకుంటారు, పని మాత్రం ఉండదు. పెట్టకపోతే రెండూ ఉండవు. ఏ చేత్తో పెట్టమంటారో అదీ చెప్పలేదు.” మేనేజరు తలుపు వంక చూసింది. గొంతు తగ్గించింది. “నీకొకటి చెప్పనా? ఎవరితో అనకు. నాకే అనుమానం వస్తోందన్నా. నేనే కట్టానేమో. మొదట్లో కాదు కాదని మొత్తుకున్నాను. సూపర్‌వైజరు కట్టావన్నాడు, డాక్టరు అలాంటి పనులు చెయ్యకూడదమ్మా అన్నాడు, మా ఆయన కూడా మొన్న ముద్ద పెడుతూ పెడుతూ, నిజం చెప్పవే, తొందరలో ఏమన్నా కట్టావా అన్నాడు. ఇంతమంది అంటున్నారంటే... కళ్ళు మూసుకుంటే నేను దారం చుడుతున్నట్టే కనిపిస్తోంది. ఎడం చేత్తో మీట పట్టుకుని, కుడి చేత్తో చుడుతూ. ఉన్న వేళ్ళతో. అంత స్పష్టంగా కనిపిస్తుంటే కట్టకుండా ఎలా ఉంటాను చెప్పు?”

ఎడం చేత్తో మీట పట్టుకుని కుడి చేత్తో చుట్టడం. సరిగ్గా అలాగే చుట్టాడు అతను. వేళ్ళు తీసుకున్నది చాలక, అతను చేసిన పని కూడా ఆమెకే అంటుకుపోతోంది. కాగితం మీద సంతకం పడ్డాక బతికినన్నాళ్ళూ కళ్ళు మూసినప్పుడల్లా ఆమె ఆ ముడి వేస్తూనే ఉంటుంది. ముద్ద పెట్టే మొగుడు ఆ ముడి వేసిన చేతి వంక చూస్తూనే ఉంటాడు. జేబులో ఫోను గుర్రుమంది. తీసి చూశాడు. భార్య నుంచి రెండే మాటలు. ఉంచనా, తీసెయ్యనా? ఇది మూడోసారి పంపడం. అతను ఎంత ఆలస్యం చేస్తే ఆమె అంత ఒంటరిగా ఆ మీట ముందు కూర్చుని ఉంటుంది, తుడిచింది తనే కదా. ఒక్క మాట కొట్టాడు. ఉంచు. పంపేశాక అర్థమైంది, అదేం ఘనకార్యం కాదని. ఉంచడం వేరు, చూపించడం వేరు. బీరువాలో దాచిన నిజం ఎవరి వేళ్ళనీ అతికించదు.

తలుపు తెరుచుకుని సూపర్‌వైజరు వచ్చాడు. ఆమె వంక చూడకుండా అతన్ని కిటికీ దగ్గరికి పిలిచాడు. సూపర్‌వైజరు చొక్కా మూడో బొత్తం ఒక్క పోగు మీద ఊగుతోంది, పాపం ఈ వారంలో ఇంట్లో ఎవరికీ కుట్టే తీరిక ఉండి ఉండదు. “ఐదు నిమిషాల్లో పిలుస్తారన్నా. నువ్వేం భయపడకు, తేదీ ఒక్కటి చెప్పు చాలు. శనివారం ఫోటోలో దారం లేదు, సోమవారం ఉంది. ఇంక లెక్క తేలిపోయినట్టే. వచ్చే నెల క్యాలెండరు ఫోటోలు కూడా నీకే చెప్పాను.”

“ఆవిడ కట్టలేదేమో కదా” అన్నాడు అతను.

“నాకు మాత్రం సరదానా? పనిమంతురాలు. మంచి మనిషి. కానీ ఎవరో ఒకరు కట్టుండాలి కదన్నా?” అని లోపలికెళ్ళిపోయాడు.

ఎవరో ఒకరు. అతను తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఐదు నిమిషాలు. లోపల చెప్పడమా? లోపల నలుగురుంటారు, బల్ల ఉంటుంది, మంచినీళ్ళ గ్లాసుంటుంది, వాళ్ళు అడిగే ప్రశ్నకి అవునండీ అన్న మాట తన్నుకుని దానంతటదే వచ్చేస్తుంది, అతని నోటి సంగతి అతనికి తెలుసు. పిల్లనిచ్చిన మామ ఎదుట కూడా అవునండీ తప్ప ఇంకో మాట అనలేని నోరది. ఇంక వెనక్కి తిరగడానికి వీల్లేని పని ఏదో ఒకటి ఈ బెంచీ మీదే జరగాలి. అంతలో మిషనక్కే అంది, “అన్నా, ఆ రోజు నా చెయ్యి తీశావు కదా, పుస్తకాల మీద పెట్టించి. ఇంటికెళ్ళే తొందరలో ఉన్నా ఆపి మరీ తీశావు. ఆ ఫోటో ఉందా నీ దగ్గర? ఒకసారి చూస్తా.”

కవరు ఇచ్చాడు. ఒక్క ఫోటో తీసి ఇవ్వచ్చు. కవరు మొత్తం ఇచ్చాడు.

ఆమె కవరు ఒళ్ళో పెట్టుకుని ఎడం చేత్తో ఫోటో లాగింది. తన చెయ్యి. నోటుపుస్తకాల దొంతర మీద ఐదు వేళ్ళూ చాచిన కుడి చెయ్యి. “గోళ్ళు తీసుకోవాల్సింది” అంది, “చూపుడు వేలు మీద ఈ సిరా మరక ఎంత తోమినా పోయేది కాదు. ఇప్పుడు పోయింది.” కాసేపటికి దాన్ని కింద పెట్టి రెండోది లాగింది. మిషన్. మూత ఎత్తి, వెనక పేరు పలక అక్షరం పొల్లుపోకుండా. అతను నేల వంక చూస్తూ కూర్చున్నాడు. ఈ ఫోటో ఇప్పటికి ఎందరు చూశారు? మేనేజరు చూశాడు, సూపర్‌వైజరు చూశాడు, అచ్చు వేసినవాడు చూశాడు. ఫోటోలు చూసి బతికే అతనూ చూశాడు. అందరూ దారం ఉందా లేదా అనే చూశారు. గోడకవతల మిషన్ల చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది, లేకపోతే ఆమె ఊపిరి వినపడటం మానేసిందో.

“అన్నా.”

“ఊఁ.”

“మూత ఎత్తి ఉంది.”

“అవును.”

“మూత ఎత్తితే మీట లేవాలి.” ఫోటోని మొహానికి దగ్గరగా పెట్టుకుంది, మళ్ళీ దూరం పెట్టింది. “ఈ మీట పడుకుని ఉందేంటి? దీన్ని ఎవరు నొక్కుతున్నారు?”

తొమ్మిదేళ్ళు ఆ మిషన్‌తో కాపురం చేసిన కళ్ళు. అతనికి ఎందుకో గుండె తేలికపడింది, పడకూడదని తెలిసినా పడింది.

“నేనే చెల్లెమ్మా. పేరుకి అడ్డమొస్తోందని దారంతో కట్టాను. విప్పడం మర్చిపోయాను. ఫోటోలోంచి మా ఆవిడ తుడిచేసింది. ఇవాళ పొద్దున్నే నాకు తెలిసింది.”

ఆమె మొహంలో ఏదో ముడి మెల్లగా సడలుతున్నట్టు కనుబొమలు విడివడ్డాయి.

“అంటే నేను కట్టలేదన్నమాట.”

“నువ్వు కట్టలేదు.”

“మళ్ళీ చెప్పు.”

“నువ్వు కట్టలేదు చెల్లెమ్మా.”

ఎడం చెయ్యి ఎత్తి అతని చెంప మీద కొట్టింది. గట్టిగా తగల్లేదు, అలవాటు లేని చెయ్యి. కొట్టాక తన అరచెయ్యి తనే చూసుకుంది, ఇంకోసారి కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. అతను మొహం పక్కకి తిప్పలేదు. ఇంకా ఎన్ని కొట్టినా అలాగే కూర్చునేవాడే, కానీ అప్పుడే తలుపు తెరుచుకుంది.

“ఫోటో అన్నా, రా” అన్నాడు సూపర్‌వైజరు.

లేవబోతే భుజం దగ్గర ఏదో పట్టి లాగింది. ఆమె అతని చొక్కా చెయ్యి గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఫోటోలు అప్పటికే చంకలో ఇరికించుకుంది, తనూ లేచింది. అతను ముందు, అరడుగు వెనక ఆమె, పట్టు వదలకుండా.

“ఒక్కొక్కరే రావాలి మిషనక్కా, నీ వంతు తర్వాత” అన్నాడు సూపర్‌వైజరు.

“నా వంతు అయిపోయింది. తప్పుకో” అంది.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న మేనేజరు కళ్ళజోడు పైకి తోసి, ఇద్దర్నీ చూశాడు. బల్ల మీద ఆమె సంతకం కోసం రాసిపెట్టిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. ఆమె పట్టు వదిలి, పెన్ను పక్కకి జరిపి, మిషన్ ఫోటోని ఆ కాగితం మీద పరిచి, మళ్ళీ అతని చొక్కా చెయ్యి అందుకుంది. మేనేజరు అతని వంక చూసి అడిగాడు, “ఈ ఫోటో శనివారం తీసిందేనా?”

“అవునండీ” అన్నాడు. అలవాటుగా వచ్చేసింది. ఆ తర్వాత రావాల్సిన మాట గొంతు దాకా వచ్చి ఆగింది.

చొక్కా చెయ్యి పట్టుకున్న గుప్పిట ఒక్కసారి బిగిసింది.

“ఆగకు అన్నా” అంది మిషనక్క. “బయట నాకు ఎలా చెప్పావో అలాగే చెప్పు.”